కనిపించే లోపం, కనిపించని లోపం



ఈనాటి ప్రసంగం పుట్టి మూడు రోజులైనా నిండని శిశువు గురించి. ఆ శిశువు పైకి కనిపించే ఒక లోపంతో పుట్టినప్పుడు, లోపల కనిపించకుండా మరొక లోపం ఉందేమోనని వైద్యులు వెదుకుతారు. ఎందుకు వెదకాలి? ఎలా వెదకాలి? ఎంతవరకు వెదకాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు చెప్పుకుందాం. నేను వైద్యుణ్ణి కాను, సైన్సు బోధించేవాణ్ణి. కాబట్టి చికిత్స జోలికి ఎక్కువగా వెళ్లను. దీని వెనుక ఉన్న జీవశాస్త్రాన్ని, తర్కాన్ని మీ ముందు ఉంచుతాను.

ఉదాహరణకు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను తీసుకుందాం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేతో పెరిగిన ఊరు ఇది. రైల్వేలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాల క్రితమే ఇక్కడ స్థిరపడ్డాయి. 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. ఇలాంటి ఊళ్లో పెరిగిన పిల్లలకు ఒక దృశ్యం బాగా తెలుసు. బండి స్టేషన్లోకి వస్తుంటే పట్టాల పక్కన నిలబడి చక్రాలను, స్ప్రింగులను, బ్రేకులను పరీక్షగా చూసే సిబ్బంది ఉంటారు. ఒక పెట్టెలో ఒక లోపం కనబడితే వాళ్లు అంతటితో తృప్తిపడరు. దానికి సంబంధించిన మిగతా భాగాలను కూడా చూసి గాని బండిని వదలరు. శిశువు విషయంలోనూ సూత్రం ఇదే. ఒక లోపం కనబడింది అంటే పరీక్ష ముగిసిందని కాదు, మొదలైందని అర్థం.

గ్రహణం మొర్రి అనే మాట

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మనం "గ్రహణం మొర్రి" అంటాం. గ్రహణం వేళ గర్భిణి బయటికి వచ్చిందనో, కత్తిపీట పట్టుకుందనో, అందుకే ఇలా జరిగిందనో పెద్దలు చెబుతారు. గ్రహణం అంటే ఒక ఖగోళ వస్తువు నీడ మరొకదాని మీద పడడం. ఆ నీడకు పిండం పెదవితో ఏ సంబంధమూ లేదు. మీరు సైన్సు విద్యార్థులు గనుక ఈ సంగతి మీకు కొత్త కాదు.

అయితే ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం తల్లిని నిందించడంతో ఆగదు. "కారణం తెలిసిపోయింది" అనుకోగానే ఇంట్లో ఎవరూ ఇంకేమీ అడగరు. పెదవి చీలిక కంటికి కనబడుతుంది. దాని వెనుక అంగిలి కూడా చీలి ఉందా, పాలు ముక్కులోకి వస్తున్నాయా, చెవి సరిగా వినబడుతోందా, గుండె ఎలా ఉంది అని అడిగేవారు ఉండరు. తప్పుడు కారణం సరైన ప్రశ్నను మింగేస్తుంది. అసలు నష్టం అక్కడుంది.

లోపాలు ఎంత తరచుగా వస్తాయి?

ప్రతి 100 మంది శిశువుల్లో ఇద్దరు ముగ్గురు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. పెద్ద లోపం అంటే ప్రాణానికి గాని, అవయవం పనితీరుకు గాని ఇబ్బంది కలిగించేది. గుండెలో రంధ్రం, వెన్ను చీలిక, మలద్వారం మూసుకుపోవడం వంటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పుట్టుకతో వచ్చే లోపాలు, రుగ్మతల వల్ల ఏటా సుమారు 2,40,000 మంది శిశువులు పుట్టిన 28 రోజుల్లోపే మరణిస్తున్నారు.

చిన్న లోపాలు వీటికంటే ఎక్కువ. చెవి ముందు చిన్న చర్మపు ముక్క, అరచేతిలో ఒకే అడ్డగీత, కాలివేళ్లలో రెండు అతుక్కుని ఉండడం వంటివి ఈ కోవలోవి. వీటివల్ల బిడ్డకు హాని ఉండదు. కాని ఇవి ఒక కబురు మోసుకొస్తాయి. 1964లో అమెరికాలో మార్డెన్, స్మిత్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు 4,412 మంది నవజాత శిశువులను నఖశిఖ పర్యంతం పరీక్షించారు. మూడు గాని అంతకంటే ఎక్కువ గాని చిన్న లోపాలున్న శిశువుల్లో అధికశాతం మందికి ఒక పెద్ద లోపం కూడా ఉందని వారు చూశారు. తరువాతి అధ్యయనాల్లో ఆ నిష్పత్తి తగ్గి, దాదాపు ఐదుగురిలో ఒకరికని తేలింది. అయినా అది మామూలు శిశువుల్లో ఉండే 2, 3 శాతం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే శిశువును పరీక్షించేవారు చెవిని, చేతిని, గోళ్లను కూడా శ్రద్ధగా చూస్తారు.

లోపాలు కలిసి ఎందుకు వస్తాయి?

దీనికి జవాబు పిండం ఎదిగే కాలపట్టికలో ఉంది. ఫలదీకరణ జరిగిన మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా అవయవాలన్నింటికీ పునాది పడుతుంది. సుమారు 22వ రోజున గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. 28వ రోజుకల్లా మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాడీనాళం మూసుకుంటుంది. ఇంచుమించు అదే సమయంలో ఆహారవాహిక, వాయునాళం ఒకదాని నుంచి ఒకటి విడిపోతుంటాయి. చేతుల మొగ్గలు పొడుచుకొస్తాయి. ఐదో వారంలో మూత్రపిండాల నిర్మాణం మొదలవుతుంది. ఏడో వారానికి మూత్రమార్గం, మలమార్గం వేరవుతాయి.

బిలాస్‌పూర్ జంక్షన్‌ను మళ్లీ తలచుకోండి. ఒక వైపు రాయ్‌పూర్, ఒక వైపు కట్నీ, ఇంకొక వైపు రాయ్‌గఢ్ మార్గాలు. జంక్షన్‌లో ఒక గంట అంతరాయం కలిగితే ఆ గంటలో దాటాల్సిన బళ్లన్నీ ఆలస్యమవుతాయి. అవి వేర్వేరు ఊళ్లకు వెళ్లేవే అయినా కారణం ఒక్కటే. పిండంలోనూ అంతే. నాలుగో వారంలో ఏదైనా అవాంతరం ఏర్పడితే, అప్పుడు రూపుదిద్దుకుంటున్న గుండె, ఆహారవాహిక, చేయి, వెన్నెముక అన్నీ దెబ్బతినే అవకాశం ఉంది.

లోపాలు కలిసి వచ్చే తీరును శాస్త్రవేత్తలు మూడు రకాలుగా చెబుతారు.

మొదటిది గొలుసు. ఒక లోపం వల్ల మరొకటి, దానివల్ల ఇంకొకటి వస్తాయి. కింది దవడ చిన్నదిగా ఉంటే నాలుక వెనక్కి, పైకి జరిగి అంగిలి రెండు పలకలు కలవకుండా అడ్డుపడుతుంది. చివరికి చిన్న దవడ, అంగిలి చీలిక, శ్వాస ఇబ్బంది మూడూ కనిపిస్తాయి. దీనిని పియర్ రాబిన్ సీక్వెన్స్ అంటారు.

రెండవది సిండ్రోమ్. ఒకే మూలకారణం పలు అవయవాలను ఏకకాలంలో తాకుతుంది. డౌన్ సిండ్రోమ్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండడమే దీనికి కారణమని 1959లో ఫ్రాన్స్‌లో వెల్లడైంది.

మూడవది అసోసియేషన్, అంటే సాహచర్యం. కొన్ని లోపాలు యాదృచ్ఛికంగా జరిగేదానికంటే ఎక్కువసార్లు కలిసి కనిపిస్తాయి, కాని ఒకే కారణం ఇంకా తేలలేదు. 1973లో క్వాన్, స్మిత్ అనే వైద్యులు ఇలాంటి ఒక గుంపును వర్ణించారు. ఈనాడు దానిని వాక్టెర్ల్ అంటున్నాం. వెన్నుపూసలు, మలద్వారం, గుండె, వాయునాళం, ఆహారవాహిక, మూత్రపిండాలు, చేతులు అన్న మాటల ఆంగ్ల తొలి అక్షరాలతో ఏర్పడిన పేరు అది. వీటిలో ఒకచోట లోపం కనబడితే మిగిలిన చోట్ల కూడా చూడమని ఆ పేరే గుర్తు చేస్తుంది.

చరిత్ర నేర్పిన పాఠం

1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు ఒక విచిత్రం గమనించాడు. పుట్టుకతోనే కంటిపొరతో వస్తున్న శిశువుల సంఖ్య హఠాత్తుగా పెరిగింది. ఆయన 78 మంది శిశువుల వివరాలు సేకరించాడు. వారిలో 68 మంది తల్లులకు గర్భం తొలినాళ్లలో రుబెల్లా వచ్చిందని తేలింది. ఆయన కంటి వైద్యుడైనా కన్ను దగ్గర ఆగిపోలేదు. ఆ శిశువుల్లో చాలామందికి గుండె లోపం కూడా ఉందని నమోదు చేశాడు. వారిలో పలువురికి వినికిడి లేదన్న సంగతి ఆ తరువాత బయటపడింది. కన్ను, గుండె, చెవి మూడింటినీ కలిపి చూడడం వల్లనే రుబెల్లా ముప్పు ప్రపంచానికి అర్థమైంది, తరువాత టీకా వచ్చింది. మన దేశంలో మీజిల్స్–రుబెల్లా టీకా కార్యక్రమం 2017లో మొదలైంది.

నాలుగు ఉదాహరణలు

ఒకటి, ఆహారవాహిక మూసుకుపోయిన శిశువు. నోటివెంట నురగ ఆగకుండా వస్తుంటుంది. పాలు పట్టగానే దగ్గి నీలిరంగుకు తిరుగుతాడు. ఇటువంటి శిశువుకు పుట్టగానే తేనె నాకించడం, ఆముదం పట్టడం ఎంత ప్రమాదమో ఊహించండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోటినుంచి కడుపులోకి సన్నని గొట్టం పంపి చూస్తే అది కొంతదూరం వెళ్లి ఆగిపోతుంది, ఎక్స్‌రేలో మెలి తిరిగి కనిపిస్తుంది. ఇలాంటి శిశువుల్లో దాదాపు సగం మందికి మరొక లోపం కూడా ఉంటుంది. వాటిలో గుండె లోపాలదే మొదటి స్థానం. అందువల్ల శస్త్రచికిత్సకు ముందే గుండె స్కానింగు చేస్తారు. గుండె నుంచి బయలుదేరే మహాధమని ఎడమకు కాక కుడికి తిరిగి ఉంటే, ఛాతీని ఏ వైపు తెరవాలన్న నిర్ణయం కూడా మారవచ్చు.

రెండు, మలద్వారం లేని శిశువు. సుమారు 5,000 మందిలో ఒకరు ఇలా పుడతారు. కొందరిలో పక్కన ఒక సన్నని రంధ్రం ఉండి, అందులోనుంచి నల్లటి మలం కొద్దిగా వస్తుంది. దానిని చూసి అంతా సరిగానే ఉందనుకునే ప్రమాదముంది. అందుకే పరీక్షించేవారు గుడ్డ విప్పి స్వయంగా చూడాలి. ఈ శిశువుల్లోనూ ఇంచుమించు సగం మందికి ఇతర లోపాలు ఉంటాయి. మూత్రపిండాలు, వెన్నుపాము, గుండె, ఆహారవాహిక నాలుగింటినీ చూడాలి. మొదటి మూడు నెలల్లో వెన్నుపూసలు ఇంకా పూర్తిగా గట్టిపడవు కాబట్టి మామూలు అల్ట్రాసౌండుతోనే వెన్నుపామును చూడవచ్చు. ఆ గడువు దాటితే ఎం.ఆర్.ఐ. అవసరమవుతుంది.

మూడు, డౌన్ సిండ్రోమ్ శిశువు. వీరిలో 100కి 40 నుంచి 50 మందికి గుండె లోపం ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పుట్టిన తొలి రోజుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల గుండెలో పెద్ద రంధ్రం ఉన్నా దానిగుండా రక్తం పెద్దగా ప్రవహించదు, స్టెతస్కోపుకు శబ్దం వినబడదు. శబ్దం లేదు గనుక లోపం లేదని అనుకోకూడదు. స్కానింగు చేయాల్సిందే. అలా చేయక కొన్ని నెలలు, సంవత్సరాలు గడిస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి, శస్త్రచికిత్సకు వీలులేని స్థితి రావచ్చు.

నాలుగు, బొటనవేలు లేకుండా, లేదా సరిగా ఎదగకుండా పుట్టిన శిశువు. ఇది చేతి ఎముకకు సంబంధించిన సమస్యగా కనబడుతుంది. కాని హోల్ట్–ఓరమ్ సిండ్రోమ్‌లో చేతి లోపంతోపాటు గుండె లోపం ఉండవచ్చు. ఫాంకోని రక్తహీనత అనే వ్యాధిలో బొటనవేలి లోపం పుట్టుకతోనే కనబడినా, ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు తగ్గడం సాధారణంగా కొన్నేళ్ల తరువాత బయటపడుతుంది. దీనిని క్రోమోజోముల పరీక్షతో ముందే గుర్తించవచ్చు. బొటనవేలు మజ్జలో రాబోయే జబ్బును ముందుగా చెబుతోందన్నమాట.

లెక్క ఏం చెబుతుంది?

అందరు శిశువులకూ అన్ని స్కానింగులూ చేస్తే పోదా అని మీకు సందేహం రావచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. మామూలుగా 1,000 మంది శిశువుల్లో సుమారు 8 మందికి గుండె లోపం ఉంటుంది. ఏ సూచనా లేని 100 మందికి గుండె స్కానింగు చేస్తే, సగటున ఒక్కరిలో కూడా లోపం దొరకకపోవచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 100 మందికి అదే స్కానింగు చేస్తే 40 మందికి పైగా దొరుకుతారు. యంత్రం ఒకటే, నిపుణుడు ఒకరే, ఖర్చు ఒకటే. ఎవరిని పరీక్షిస్తున్నామన్న దాన్నిబట్టి ఫలితం 50 రెట్లు మారింది. గణితంలో మీరు చదివే షరతులతో కూడిన సంభావ్యత ఇదే.

నిపుణులు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ లెక్క మరీ ముఖ్యం. పిల్లల గుండె స్కానింగు చేయగల వైద్యుడు ప్రతి ఊళ్లోనూ ఉండడు. ఉన్న కొద్దిమంది సమయాన్ని అవసరమున్న శిశువు వైపు మళ్లించేది ఆ మొదటి శారీరక పరీక్షే.

ఎక్కడ ఆగాలి?

వెదకడం ఎంత అవసరమో, ఎక్కడ ఆగాలో తెలియడం కూడా అంత అవసరం. 1968లో విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున స్క్రీనింగుకు పది సూత్రాలు రాశారు. వాటి సారాంశం ఇది: వెదికే జబ్బు ముఖ్యమైనదై ఉండాలి, దానికి చికిత్స ఉండాలి, పరీక్ష తగినదై ఉండాలి, ఖర్చుకు తగిన ప్రయోజనం ఉండాలి.

బొడ్డు దగ్గర వచ్చే రెండు లోపాలను పోల్చి చూడండి. ఒకదానిలో పేగులు పలుచని సంచిలో బొడ్డుతాడులోకి వచ్చి ఉంటాయి. దానిని ఆంఫలోసీల్ అంటారు. అందులో సగానికి పైగా శిశువులకు గుండె లోపాలో, క్రోమోజోము మార్పులో, ఇంకేవో ఉంటాయి. రెండవదానిలో బొడ్డు పక్కన పొట్టగోడలో రంధ్రం ఏర్పడి, ఏ సంచీ లేకుండా పేగులు బయటికి వస్తాయి. అది గాస్ట్రోస్కీసిస్. అందులో పేగు మూసుకుపోవడం వంటివి తప్ప దూరపు అవయవాల లోపాలు తక్కువ. చూడడానికి రెండూ ఒకేలా భయపెడతాయి. కాని ఒకదానిలో వెదుకులాట విస్తృతంగా సాగాలి, మరొకదానిలో పరిమితంగా చాలు.

చెవి ముందు చర్మపు ముక్క ఉన్న శిశువుకు వినికిడి పరీక్ష తప్పక చేయాలి. మూత్రపిండాల స్కానింగు మాత్రం వేరే సూచనలు ఏవైనా ఉన్నప్పుడే చేయాలని ఎక్కువమంది నిపుణులు చెబుతారు. బొడ్డుతాడులో మామూలుగా రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. 100 నుంచి 200 మందిలో ఒకరికి ఒకే ధమని ఉంటుంది. అప్పుడు శిశువును మరింత శ్రద్ధగా పరీక్షించాలి. ఇంకే లోపమూ కనబడకపోతే వారిలో చాలామంది ఆరోగ్యంగానే పెరుగుతారు. అనవసరపు పరీక్ష వల్ల లేని జబ్బు ఉన్నట్టు తేలితే ఆ కుటుంబం పడే బాధ కూడా లెక్కలోకి రావాలి.

ఏది ముందు, ఏది తరువాత?

పరీక్షలన్నీ ఒకే రోజు చేయనక్కరలేదు. మొదటి గంటల్లో శ్వాస, ఆహారవాహిక, మలద్వారం చూడాలి. ఒక రోజు నిండాక పల్స్ ఆక్సిమీటరుతో కుడి చేతిలోనూ, ఒక పాదంలోనూ ఆక్సిజన్ శాతం చూస్తారు. ఈ పరికరం 2020లో కోవిడ్ కాలం నుంచి మనందరికీ పరిచయమే. కుడి చేతికే ఎందుకు అంటే, గర్భంలో పనిచేసిన ఒక చిన్న రక్తనాళం మహాధమనిని కలిసే చోటుకు ముందే కుడి చేతికి రక్తం వెళ్తుంది. పాదానికి వెళ్లేది ఆ తరువాత. రెండు చోట్లా 95 శాతం గాని అంతకు మించి గాని ఉండి, వాటి మధ్య తేడా 3కు మించకపోతే మంచిది. లేకపోతే మళ్లీ పరీక్షించి, అవసరమైతే గుండె స్కానింగుకు పంపుతారు.

వినికిడికి ఒక సులభమైన కొలమానం ఉంది: ఒకటి, మూడు, ఆరు. మొదటి నెల నిండేలోగా పరీక్ష, మూడో నెల నిండేలోగా నిర్ధారణ, ఆరో నెల నిండేలోగా చికిత్స మొదలు కావాలి. మూత్రపిండాల పనితీరు, వెన్నెముక వంపు, మాట, చదువు వంటివి ఏళ్ల తరబడి గమనించాల్సినవి.

మన చుట్టూ ఉన్న ఏర్పాట్లు

ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మితానిన్ కార్యక్రమం మొదలైంది. మితానిన్ అంటే స్నేహితురాలు. దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి ముందే ఇక్కడ పల్లెపల్లెనా మితానిన్లు ఉన్నారు. ఆసుపత్రిలో ప్రసవం జరిగినా నవజాత శిశువును చూడడానికి 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్లడం ఆశాల విధి. 2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్‌ను ప్రారంభించింది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో లోపాలను వెదికి, జిల్లా స్థాయి కేంద్రానికి పంపి, ఉచితంగా చికిత్స చేయించాలన్నది దాని ఉద్దేశం. వెన్ను చీలిక, డౌన్ సిండ్రోమ్, పెదవి–అంగిలి చీలిక, వంకర పాదం, తుంటి కీలు లోపం, కంటిపొర, చెవుడు, గుండె లోపాలు ఆ పట్టికలో ఉన్నాయి. బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగుల కుటుంబాలకు రైల్వే ఆసుపత్రి ఉంది. అందరికీ 2001లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ ఉంది. నవా రాయ్‌పూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లల గుండె శస్త్రచికిత్సలు ఉచితంగా చేస్తున్నారు.

ఇన్ని ఏర్పాట్లున్నా తెలుగు కుటుంబాల విషయంలో ఒక సందు మిగిలిపోతుంది. తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. బిలాస్‌పూర్ కోడలు కాన్పుకు రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరమో, శ్రీకాకుళమో వెళ్తుంది. మూడో నెలలోనో, ఐదో నెలలోనో బిడ్డతో తిరిగి వస్తుంది. వెన్నుపాము అల్ట్రాసౌండుకు అనువైన గడువు, వినికిడి నిర్ధారణ గడువు సరిగ్గా ఆ మధ్యలోనే ఉన్నాయని గమనించండి. పుట్టింటివారు "అత్తవారింటికి వెళ్లాక చూపించుకుంటారులే" అనుకుంటారు. అత్తింటివారు "అక్కడ చూపించే ఉంటారులే" అనుకుంటారు. ఎవరి నిర్లక్ష్యమూ లేకుండానే బిడ్డకు గడువు దాటిపోతుంది. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ప్రసవమైన ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఏ పరీక్ష అయింది, ఏది మిగిలింది, ఎప్పటిలోగా చేయించాలి అని రాయించుకోవాలి. ఆ కాగితం బారసాల చీరతోపాటు పెట్టెలో భద్రంగా రావాలి.

మేనరికం గురించి ఒక మాట. మేనమామను గాని, మేనబావను గాని పెళ్లాడినప్పుడు దంపతులిద్దరిలో ఒకే రకమైన దోషజన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని గోండుల్లో కూడా దూధ్ లౌటావా పేరుతో మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లు ఉన్నాయి. దూరపు సంబంధాల్లో 100కి 2 లేక 3గా ఉండే లోపాల ముప్పు, మేనత్త మేనమామ పిల్లల పెళ్లిళ్లలో ఇంచుమించు రెట్టింపు కావచ్చు. అప్పుడు కూడా 100 మందిలో 90 మందికి పైగా పిల్లలు పెద్ద లోపమేమీ లేకుండానే పుడతారు. ఇది తెలుసుకుని జాగ్రత్తపడాల్సిన విషయం, ఎవరినీ వేలెత్తి చూపడానికి పనికొచ్చేది కాదు. సగానికి పైగా సందర్భాల్లో లోపానికి కారణం ఇదని చెప్పడం ఇప్పటికీ సాధ్యం కావడం లేదు.

నివారణకు వీలున్నవి కూడా ఉన్నాయి. వెన్ను చీలికతో ఒక బిడ్డ పుట్టిన తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, మరల అదే లోపం వచ్చే ముప్పు 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిరూపించింది. నాడీనాళం 28వ రోజుకే మూసుకుంటుందని చెప్పుకున్నాం కదా. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందుకే ఆ మాత్ర గర్భానికి ముందే మొదలుకావాలి.

మీరు చేయగలిగింది

విద్యార్థులారా, మీరు రేపు వైద్యులు కావచ్చు, నర్సులు కావచ్చు, రైల్వే ఉద్యోగులు కావచ్చు. ఈ రోజే మీ ఇంట్లోనో, మీ క్వార్టర్స్ వరుసలోనో ఒక బిడ్డ పుట్టవచ్చు. అప్పుడు మూడు పనులు చేయండి. బిడ్డ నోట్లో పాలు తప్ప తేనె, ఆముదం వంటివి పోయకుండా పెద్దవాళ్లకు నచ్చజెప్పండి. ఏదైనా లోపం కనబడితే, "ఇదొక్కటేనా, ఇంకేమైనా చూడాలా?" అని వైద్యుణ్ణి అడగమని వాళ్లకు చెప్పండి. కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి, మిగిలిన పరీక్షల తేదీలు క్యాలెండరు మీద రాయండి. అమ్మమ్మకు, నాయనమ్మకు చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి.

ఆ తల్లితో మాట్లాడేటప్పుడు ఒక సంగతి మరచిపోకండి. గ్రహణం రోజు ఏం చేశావని ఆమెను అప్పటికే పదిమంది అడిగి ఉంటారు. మీరు బిడ్డ పాలు ఎలా తాగుతున్నాడని అడగండి. తరువాతి పరీక్ష ఎప్పుడని అడగండి. ఆ బిడ్డకు పనికొచ్చే ప్రశ్నలు అవే.